వెలితి డ్రమ్ము

నాచు చెరువుల పక్కన రేకుల గది. నూనె వ్యాపారి, అతని చెల్లెలు.

"...అసలు మొదట్లో నా చేతిలో ఉన్నదేంటి, చెప్పు. మూతపడ్డ నూనె మిల్లు. దాని వెనకాల గడ్డి కూడా మొలవని చవుడు నేల. బావి నిండా ఉప్పు నీళ్ళు. పంపకాల్లో నాకీ ముక్క వచ్చిందని ఊరంతా జాలిపడింది. అవునా?"

"అవును. ఇప్పుడా లెక్కంతా ఎందుకన్నయ్యా?"

"నువ్వూ బావా వచ్చి ఆ ఉప్పు నీళ్ళే కావాలన్నారు. ఆ చవుడే కావాలన్నారు. నాచు పెంచుతాం, దాన్ని పిండి నూనె తీస్తాం, ఆ నూనెతో విమానం ఎగురుతుంది అన్నారు. తొట్టిలో పాచి పడితే అమ్మ మనల్ని తిట్టేది, వీళ్ళేమో పాచి కోసం చెరువులు తవ్వుతారట అని నవ్వాను."

"నవ్వావు, నవ్వి ఇచ్చేశావు. ఎవరు కాదన్నారు?"

"ఇచ్చాను కదా. అడ్డు చెప్పలేదు కదా."

"చెప్పావని ఎవరన్నారు? ఏంటన్నయ్యా, అలా చెమటలు పడుతున్నాయి. ఫ్యాన్ పెట్టనా?"

"వద్దు. బావ ఎక్కడ?"

"తన పసుపు నాచు చెరువు దగ్గర. బ్లీచింగ్ పొడి వచ్చింది, బస్తాలు దింపిస్తున్నారు."

"ఇవాళే చల్లేస్తారా?"

"ఇవాళే. రేపు విమాన ఇంధనం కంపెనీ వాళ్ళు వస్తున్నారు కదా. వాళ్ళొచ్చేసరికి ఆ పసుపు నాచు ఆనవాలు కూడా ఉండకూడదు. కాస్త మిగిలినా నేను పెంచే చిలకపచ్చ నాచులో కలుస్తుంది. ఒకసారి కలిశాక విడదీయడం మా వల్ల కాదు."

"రేపు చల్లొచ్చుగా."

"రేపు కంపెనీ వాళ్ళు వస్తున్నారంటుంటే."

"అదే, వాళ్ళొచ్చి వెళ్ళాక."

"వాళ్ళు వచ్చేదే అన్ని చెరువులూ చిలకపచ్చకి సిద్ధమా కాదా చూడ్డానికి. నువ్వు కుర్చీ లాక్కుని కూర్చో ముందు. టీ తాగుతావా?"

"టీ వద్దు. పోనీ, కొంచెం నాచు సీసాల్లో దాచుకోవచ్చు కదా, బావది. విత్తనంలాగా."

"సీసాలా? నిన్ననే వేణ్ణీళ్ళు పోసి కడిగేశారు."

"ఎవరు?"

"ఆయనే. నేను వద్దన్నాను. ఓడిపోయినదాన్ని బీరువాలో పెట్టుకుంటే మళ్ళీ ఆశ పుడుతుంది అన్నారు. ఒక్కో సీసా తీయడం, పోయడం, కడగడం. నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. చూళ్ళేకపోయాను."

"అంటే ఇప్పుడు ఆ చెరువులో ఉన్నదే..."

"ఉన్నదే. ఇంకెక్కడా లేదు. పెళ్ళికి ముందు సముద్రం ఒడ్డున ఏదో రాతిగుంటలో దొరికిందట ఆయనకి. వేలెడంత సీసాలో తెచ్చుకున్నారు. నేను కాపురానికొచ్చేసరికే గదిలో దానికి లైటు, గాలి గొట్టం, అన్నీ అమరి ఉన్నాయి. నాకేమో సామాను పెట్టుకోడానికి చోటు లేదు. సవతి అనేదాన్ని."

"సవతి పోతుంటే ఏడుస్తావేంటే?"

"ఏడవడం లేదు. పొడి ఘాటు."

"పొడి ఇంకా చల్లందే ఘాటేంటి?"

"నువ్వు ఇలాంటివి బాగానే పట్టుకుంటావు. సరే, బాధగానే ఉంది. నాది గెలవాలనుకున్నాను, అబద్ధం ఎందుకు? కానీ ఆయనది ఇలా పోవాలనుకోలేదు. పక్క పక్కన రెండూ నెగ్గుతాయనుకున్నా. ఈ రిపోర్టు వచ్చినప్పట్నుంచీ మనిషి నాతో ఎంత మంచిగా ఉంటున్నారో. కాఫీ ఆయనే కలిపి తెస్తున్నారు. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది."

"రిపోర్టులో ఏం రాశారసలు? నాకు ఫోన్లో నువ్వు ఒక్క ముక్కే చెప్పావు. నాది పాసైంది, ఆయనది పోయింది అని."

"ఉప్పు. ఆయన డ్రమ్ములో నూనెలో ఉప్పు ఎక్కువుందన్నారు. వాళ్ళు మన నూనెకి హైడ్రోజన్ పట్టించి విమానాల్లో పోసే ఇంధనం చేస్తారు. ఉప్పు ఉందనుకో, వాళ్ళ గొట్టాల్ని తినేస్తుంది, నూనెని ఇంధనంగా మార్చే మందు చచ్చిపోతుంది. అందుకే ముందు చూసేదే ఉప్పు. పిండే ముందు నాచుని మంచినీళ్ళతో కడుగుతాం చూశావూ, అందుకే. ఆయన సరిగ్గా కడగలేదని తేల్చారు."

"బావ కడగకపోవడమేంటి? తిన్న కంచాన్ని కూడా రెండుసార్లు కడిగే మనిషి."

"నేనూ అదే అన్నాను. కడిగాననే అనుకున్నాను, తప్పు నాదే అయ్యుంటుంది అన్నారు. అంతే, ఇంక మాట్లాడలేదు."

"మరి మళ్ళీ ఒక డ్రమ్ము పంపుతామని అడగొచ్చుగా."

"అడగనన్నారు. ఒక్క అవకాశమే అని ముందే చెప్పారు వాళ్ళు. ఇద్దరం ఒప్పుకునే పంపాం. అన్నయ్యా, నువ్వు పని మానుకుని ఇంత దూరం వచ్చింది ఈ పాత కథ వినడానికా?"

"పని ఏముంది. ఇటు హోటళ్ళ వైపు వచ్చాను, వాడేసిన నూనె డబ్బాలు ఎత్తుకుపోదామని. ఎలాగూ దారే కదా అని."

"నీ బండి బయట ఖాళీగా ఉంది. డబ్బాలేవీ?"

"...ఇంకా ఎత్తలేదు."

"అన్నయ్యా."

"ఊఁ."

"ఏంటో చెప్పు."

"ముందు బావకి ఫోన్ చేసి ఒక గంట ఆగమను."

"ఎందుకు ఆగాలో చెబితే ఆగమంటాను."

"నీకు ఎదురు చెప్పడానికి రాలేదే నేను. నీ మేలు కోసమే. ముందు ఆగమను, తర్వాత చెబుతాను."

"ఉండు, ఆయనే చేస్తున్నారు. హలో... ఆఁ, అన్నయ్య వచ్చాడు. ఇప్పుడే... బస్తాలన్నీ దిగాయా... కాసేపు ఆగండి, నేను చెబుతాను... ఏం లేదు, మాట్లాడుకుంటున్నాం... సరే. మాస్కు కట్టుకోండి, ఒట్టి మొహంతో నిలబడకండి... సరే. చూశావా, ఆగారు. చెప్పు."

"డ్రమ్ములు పంపిన రోజు గుర్తుందా?"

"ఉంది. నీ లారీలోనే కదా పంపాం. మీ గోడౌన్‌లో దింపాం, మర్నాడు పొద్దున్నే నువ్వు ఎక్కించి పంపావు."

"ఎక్కించే ముందు నేను డ్రమ్ము మీద ఇలా వేళ్ళతో కొట్టి చూస్తాను. అలవాటు. నాన్న నేర్పిందే. ఏ డబ్బా అయినా, ఏ డ్రమ్మయినా, కొట్టి చూడకుండా గుమ్మం దాటించను. నిండుగా ఉంటే ఒక చప్పుడు, పైన వెలితి ఉంటే ఒక చప్పుడు."

"తెలుసు. చిన్నప్పుడు నా తల మీద కూడా కొట్టి చూసేవాడివి, వెలితి వెలితి అని."

"రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది ఎవరిదో నాకు తెలీదు. ఒక డ్రమ్ము గట్టిగా పలికింది. రెండోది పైన బోలుగా పలికింది. మన మిల్లు నుంచి వెలితి డ్రమ్ము ఎప్పుడూ బయటికి పోలేదే. తాతల నాటి నుంచీ లేదు. అందులోనూ అది మీది. విమానాల కంపెనీకి పోతోంది. మూత తీసేవాడు ఏమనుకుంటాడు? వీళ్ళకి చెంబెడు నూనె దగ్గర పిసినారితనమా అనుకోడూ? నా పరువు సంగతి అటుంచు, నీ పరువు."

"ఏం చేశావు?"

"నింపాను."

"దేంతో?"

"మంచి నూనేనే. నీళ్ళలాగా మెరిసిపోతోంది. కాచి, గుడ్డ వేసి వడకట్టింది. రోత నూనె పోస్తానా నీ డ్రమ్ములో? అంచు దాకా పోసి, మూత బిగించి, పైన తుడిచి ఎక్కించాను. ఎంతో సాయం చేశాననుకున్నాను. నీకు చెప్పనుకూడా లేదు, అంత చిన్న విషయం అది నాకు."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఎందుకేంటి? నీది పాసైందని ఫోన్ చేశావు. సంతోషపడ్డాను. రాత్రి పడుకున్నాక లెక్కేసుకున్నాను. రెండు డ్రమ్ములు వెళ్ళాయి. ఒకటి నెగ్గింది, ఒకటి పోయింది. ఒకదాంట్లో నా మంచి నూనె ఉంది. నా నూనె కలిసినదే కదా నెగ్గుతుంది? నాసిరకం సరుకులో మంచి సరుకు కలిపితే పాసవుతుంది. నా వ్యాపారంలో ఇది చూడనిదా? అంటే నీ గెలుపు నీ నాచుది కాదే, నా డబ్బాది. చెప్పలేక, మింగలేక, ఇన్నాళ్ళు. తిట్టవే. అలా చూడకు. రేపు నువ్వు అన్ని చెరువుల్లోనూ నీ నాచే వేస్తావు, బావది చంపేస్తావు. పెద్ద సరుకు పంపేటప్పుడు నా డబ్బా ఉండదు కదా అందులో. అప్పుడు ఫెయిలవుతుంది. అటు బావదీ ఉండదు, ఇటు నీదీ ఉండదు. నా చేత్తో నేను మీ ఇద్దరి పొయ్యిలోనూ నీళ్ళు పోసినట్టు. అందుకే వచ్చాను. పొడి చల్లొద్దు. ఆపించు."

"మూత తీసినప్పుడు ఏమైనా చప్పుడొచ్చిందా?"

"ఏంటీ?"

"నువ్వు నింపిన డ్రమ్ము. మూత తిప్పుతుంటే ఏమైనా చప్పుడు."

"వచ్చింది. ఉస్సుమని గాలి కొట్టింది. లోపల పులిసిందేమో అని భయపడి వాసన కూడా చూశాను. బాగానే ఉంది. ఏమైందే?"

"ఆ నూనె ఎక్కడిది? ఏ కొట్టుది?"

"ఏ కొట్టుదైతే ఏంటి ఇప్పుడు? చిప్స్ కొట్టుది. చేపలు అవీ వేయించిన నూనె అసలు ముట్టుకోలేదు. ఒట్టి చిప్స్."

"వాళ్ళు ఉప్పు ఎక్కడ చల్లుతారు?"

"ఎక్కడ చల్లుతారు, మూకుడు మీదే. జల్లెట్లోకి ఎత్తి, వేడి మీద ఉండగానే ఉప్పునీళ్ళు చిలకరిస్తారు, బాగా పడుతుందని. మిగతాది నూనెలోకే... ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏంటి?"

"ఏం లేదన్నయ్యా. నువ్వు అనుకున్నట్టు ఏం కాలేదు. నా డ్రమ్ములో నువ్వేం పోయలేదు. వెళ్ళు. హోటళ్ళకి ఆలస్యమవుతోందేమో."

"నేను పోశానని నేనే చెబుతుంటే."

"నా డ్రమ్ములో పోయలేదంటున్నా. నేనూ నాన్న కూతుర్నే కదా. వెలితి డ్రమ్ముకి మూత పెడతానా నేను? అంచు దాకా నింపి, పైన పొంగింది వేలితో తుడిచి మరీ బిగించాను. నీకు గట్టిగా పలికింది నాది."

"మరి బోలుగా పలికింది? చెప్పవే."

"ఆయన కావాలనే పైన కొంచెం వదిలేస్తారు. ఎండకి నూనె పొంగుతుందని. ఆ ఖాళీలో గాలి ఉండకుండా నైట్రోజన్ నింపుతారు. దానిమీద మేం ఎంత పోట్లాడుకున్నామో. వెలితి పెట్టి పంపితే మా ఇంట్లో అవమానమండీ అంటే, మీ ఇంట్లో నూనె వంటకి, ఇది విమానానికి అనేవారు. నువ్వు విన్న ఉస్సు అదే."

"అంటే నేను నింపింది బావది. ఉప్పు బావది కాదు. చిప్స్ కొట్టుది. నాది."

"మెల్లగా మాట్లాడు. కిటికీ తీసుంది."

"అయ్యో. ఆయన కడిగాడే. సరిగ్గానే కడిగాడు. అన్నీ సరిగ్గానే... ఫోనెత్తు. చెప్పు. లేదా నేను పరిగెత్తుతాను, ఎంత దూరం."

"కూర్చో."

"కూర్చోవడమేంటే? అక్కడ బస్తాలు విప్పుకుని కూర్చున్నాడు మనిషి. ఇంక దాపరికం దేనికి, తప్పు నాది, కాళ్ళు పట్టుకుంటాను. కంపెనీ వాళ్ళకి కూడా నేనే చెబుతాను. గోడౌన్‌లో కల్తీ జరిగింది, చేసింది నేను అని రాసిస్తాను. మళ్ళీ పరీక్ష చేస్తారు. నీది ఎలాగూ పాసైంది. నీకేం నష్టం?"

"కూర్చో అన్నయ్యా. ఒక్క నిమిషం."

"నిమిషమేంటి..."

"మళ్ళీ పరీక్ష చేస్తే ఆయనది నెగ్గుతుంది."

"నెగ్గాలి కదా. అదే కదా న్యాయం."

"నాదాని కంటే బాగా నెగ్గుతుంది. నాకు తెలుసు. పోయిన ఎండాకాలం ఆయన లేనప్పుడు నేనే రెండూ పిండి చూశాను. అదే ఎండ, అవే నీళ్ళు. ఆయనదాంట్లో నూనె ఎక్కువ. చలికి కూడా గడ్డకట్టదు, విమానం పైకెళ్ళాక కావలసింది అదే. నాది బాగానే ఉంటుంది. బాగానే, అంతే."

"ఆయనకి చెప్పావా?"

"చెప్పలేదు. చూడ్డం కుదర్లేదు అన్నాను."

"ఒసే."

"నువ్వు వ్యాపారివి కదా. లెక్క చెప్పు. ఆయనది బతికితే కంపెనీకి రెండు రకాలు ఎందుకు? మంచిదాన్ని తీసుకుంటారు. కాగితాల మీద ఆయన పేరుంటుంది. నేను ఎవర్ని అప్పుడు?"

"భార్యవి."

"అదే. సార్ వాళ్ళావిడ. ఎక్కడికెళ్ళినా ఇద్దరం ఒకే పని చేస్తాం, ఒకే బురదలో దిగుతాం, వచ్చినవాళ్ళు ఆయన్ని అడుగుతారు, నన్ను మంచినీళ్ళు అడుగుతారు. రేపు వచ్చేవాళ్ళు మొదటిసారి నా పేరు అడిగి, దానికి స్పెల్లింగ్ కూడా అడిగారు."

"నీకు పేరొస్తే నాకంటే సంతోషించేవాడు ఎవడుంటాడే? కానీ ఇలాగా?"

"నేనేం చేశాను? నేను పోశానా? నువ్వు ఇవాళ రాకపోతే నాకు తెలిసేదా?"

"వచ్చాను కదా. తెలిసింది కదా. నీ పేరు నీ నాచుతోనే వస్తుంది, ఇవాళ కాకపోతే ఇంకోసారి. దీన్ని చంపితే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఆ రాతిగుంట దగ్గరికెళ్ళి వెతుకుతాడా ఆ వయసులో?"

"ఆ గుంట కూడా లేదు. అక్కడ గోడ కట్టేశారు."

"మరి?"

"ఆయన మానేస్తానన్నారు తెలుసా. ఇంక నీకు సాయంగా ఉంటాను, చెరువుల్లో నీళ్ళు తిప్పే చక్రాలు చూసుకుంటాను, కడిగే పని మాత్రం చెప్పకు అని నవ్వారు. మొదటిసారి, అన్నయ్యా. నా పనికి ఆయన సాయం."

"అది విని నువ్వెలా నవ్వావే?"

"నవ్వలేదు. అప్పుడు జాలేసింది."

"ఇప్పుడు?"

"ఫోన్ మోగుతోంది."

"ఎత్తు. ఎత్తి చెప్పు. నీకు నోరు రాకపోతే నాకివ్వు, నేను చెబుతాను. ఇటివ్వు."

"నువ్వు చెబితే నా ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. చెబుతావా? నీ చెల్లెల్ని ఆయన ముందు నిలబెడతావా? చెప్పు. ఇస్తాను. ఇదిగో."

"..."

"హలో... ఆఁ, ఇక్కడే ఉన్నాడు... లేదండీ, గొడవేం లేదు. ఊరికే, చూసిపోదామని వచ్చాడట... ఎండ ఎక్కువైందా... వద్దు, నా కోసం ఆగక్కర్లేదు. చల్లించెయ్యండి... ఆఁ. మొత్తం..."

"ఏమన్నాడు?"

"ఏం లేదు."

"ఏదో అన్నాడు. చాలాసేపు విన్నావు."

"ఇంకొంచెం బాగా కడిగుండాల్సింది, నీ కష్టాన్ని కూడా ప్రమాదంలో పెట్టాను, మనసులో పెట్టుకోకు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"విన్నావుగా. ఏం అనలేదు."